పొత్తు కుదిరే చేపలు

మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు హాల్లో ఉన్న అద్దాల తొట్టె వైపు చూస్తారు, తర్వాత మా అత్తగారి వైపు చూస్తారు. తరతరాలుగా వేదం చెప్పుకున్న కుటుంబం, ఉల్లిపాయకి కూడా విడిగా గిన్నె ఉన్న ఇల్లు, ఇందులో చేపలేమిటని వాళ్ళ అనుమానం. ఇందులో పులస కూడా పెరుగుతుందా అని అడిగిన పాలవాణ్ణి ఆవిడ ఇప్పటికీ క్షమించలేదు. మేముండేది అమలాపురంలో. మా ఆయన తాటిపాక దగ్గర గ్యాసు ప్లాంటులో పనిచేస్తారు, నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఉప్పునీటి చేపల పిచ్చి ఇద్దరిదీ. చీవాట్లు మాత్రం నాకొక్కదానికే.

తొట్టె పొడుగు మూడడుగులు, అంతకంటే పెద్దది పెట్టే చోటూ లేదు, స్తోమతా లేదు. మొదట్లో మేం చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. కోనసీమ వాళ్ళం కదా, సముద్రం మా పెరట్లో ఉన్నట్టే లెక్క. ఉప్పు పొట్లాలు కొనుక్కొచ్చి నీళ్ళలో కలుపుకోవడమేమిటి, నామోషీ కాదూ! ఓ ఆదివారం అంతర్వేది వెళ్ళి క్యాన్లు నింపుకొచ్చాం. వానాకాలం, పైగా గోదారి కలిసే చోటు. ఇంటికొచ్చి ఉప్పు కొలిస్తే అందులో సగం గోదారే ఉంది. మర్నాటికి అడుగున వేలి మందాన ఒండ్రు దిగింది. అత్తగారు వచ్చి చూసి, కొబ్బరిచెట్ల మొదట్లో పోసేయండి, వాటికైనా పనికొస్తుంది అన్నారు. ఆ తర్వాత నోరు మూసుకుని ఉప్పు కొనుక్కున్నాం.

అసలు కష్టం చేపల్ని ఎంచుకోవడంలో ఉంది. తొట్టెలో రాళ్ళ మీద మెత్తటి పగడాలు పెంచుతున్నాం. నగల్లో చూసే గట్టి పగడాలు కావు, వెలుతురు పడగానే చిన్న చిన్న గొడుగులు విప్పే రకం. వాటికీ ప్రాణముంది. కాబట్టి కొత్తగా వచ్చే చేప పగడాల్ని కొరకకూడదు, తోటి చేపల్ని కుమ్మకూడదు. మా ఆయన కన్ను ఎప్పుడూ పసుప్పచ్చటి బటర్‌ఫ్లై చేప మీదే. అందానికేం, బ్రహ్మాండంగా ఉంటుంది. పగడాల్ని మాత్రం పకోడీల్లా తినేస్తుంది. అందం చూసి తెచ్చుకుంటే తర్వాత ఏడవాల్సింది మనమే అని నేనంటే, మన పెళ్ళికి ముందు మా అమ్మ కూడా ఇదే మాట అంది అనేవారు ఆయన.

అత్తగారు చేపలు వద్దంటూనే ప్రతి చేప గురించీ ఆరా తీసేవారు. ఏం తింటుంది, ఎంత పెరుగుతుంది, గుణం ఎలాంటిది, ఒంటరిగా ఉంటుందా, జంట కావాలా. పెళ్ళి సంబంధాలకి కూడా ఇన్ని అడగరు. కానీ అడగాల్సినవి అవే. కాకినాడలో చేపలమ్మే ఆయన ఇంకొకటి కలిపేవాడు. కొట్లో ఉండగా మేత తింటోందో లేదో కళ్ళారా చూసి మరీ తీసుకోవాలి, తిండి మానేసినదాన్ని తీసుకెళ్తే బతకదు. అలాగే నెమ్మదైన వాటిని ముందు తెచ్చుకోవాలి, పొగరుబోతుల్ని ఆఖర్న తెచ్చుకోవాలి. ఈ చివరిమాట మాకు ఆలస్యంగా తెలిసింది. మొండిఘటం, ఓ పట్టాన చావదు అని ఎవరో చెబితే మేం మొట్టమొదట తెచ్చింది డామ్సెల్ అనే నీలం రంగు చేపని. బొటనవేలంత లేదు గానీ తొట్టె మొత్తం తన పేర రాయించుకున్నట్టు తిరిగేది. తర్వాత తెచ్చిన క్లౌన్ చేపలు జంటగా ఉన్నాయి కాబట్టి ఎలాగో నెగ్గుకొచ్చాయి.

ఇలా ఉండగా అమ్మ వచ్చింది. నాన్నగారు పోయాక అమ్మ రాయవరంలోనే ఉంటోంది. పెరట్లో నాచు మీద జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు వేయించి మా ఇంటికి తీసుకొచ్చాం. ఎముక అతుక్కునేదాకా కదలడానికి వీల్లేదన్నాను. ఉంటానంది. అన్నం మాత్రం తిననంది.

మా వైపు పాతకాలం వాళ్ళకి ఒక పట్టింపు ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో కన్నవాళ్ళు అన్నం ముట్టరు. కొత్తగా పెళ్ళయినప్పుడు అందరూ నవ్వుకునే పట్టింపే అది. మాకు పిల్లలు పుట్టలేదు. ఆసుపత్రులయ్యాయి, మొక్కులయ్యాయి, అప్పనపల్లికి కాలినడకలయ్యాయి. అన్నీ అయిపోయి, ఇంక ఆ మాట ఎత్తుకోవడం కూడా మానేశాం. అమ్మ మాత్రం ఎప్పుడొచ్చినా పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేది. తన కేరేజీ తను తెచ్చుకునేది. పెరటి గుమ్మంలో కూర్చుని ఆ గిన్నెలు విప్పుతుంటే నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది. నీ ఇల్లు ఇంకా ఇల్లు కాలేదే అని కన్నతల్లి వచ్చి చెప్పి వెళ్తున్నట్టుండేది.

ఇప్పుడు వండుకోవడానికి చెయ్యి లేదు. పాలు, అరటిపళ్ళు, తడిపిన అటుకులు, వీటితో సరిపెట్టుకుంది. అటుకులు బియ్యం కిందకి రావట! కొద్దిరోజులకే చెంపలు లోపలికి పోయాయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ఒంట్లో బలం లేకపోతే ఎముక అతకదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నేను బతిమాలితే నవ్వేది, గట్టిగా అంటే రాయవరం పోతాననేది. ఒక్క చేత్తో, తోడు లేకుండా, పొయ్యి దగ్గర ఎలా ఏడుస్తుందో అని నాకు ప్రాణం కొట్టుకునేది. అత్తగారు అన్నీ చూస్తూనే ఉన్నారు, కల్పించుకోలేదు.

చేతికి పని లేక అమ్మ రోజంతా తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. తర్వాతి చేపని ఎంచుకోవడంలో అలా తనూ చేరింది. కాకినాడ నుంచి వచ్చిన వీడియోలు ఇద్దరికీ చూపించాను. ఒకటి చూపిస్తే దాని మూతి బాగాలేదని, కొరికే రకంలా ఉందని అత్తగారు కొట్టేశారు. అమ్మ ఫైర్ ఫిష్ దగ్గర ఆగింది. ముందు సగం తెలుపు, వెనక సగం మండుతున్న వత్తిలా ఎరుపు. పగడాల జోలికి పోదు, మరో చేప జోలికి పోదు, పెద్దగా పెరగదు. వీడియోలో శుభ్రంగా తింటోంది కూడా. భయం మాత్రం జాస్తి, బెదిరితే నీళ్ళలోంచి ఎగిరి బయట పడుతుంది, తొట్టెకి మూత ఉండాలి. నెమ్మదస్తురాల్లా ఉంది పాపం, ఇదే తెచ్చుకోండి అంది అమ్మ. అత్తగారు తలూపారు. వాళ్ళిద్దరికీ ఒక మాట మీద కుదరడం నేను చూసింది అప్పుడే.

తెచ్చి వదిలామో లేదో, డామ్సెల్ ఒక్క ఉదుటున వచ్చి దాని తోక పీకింది. కొత్తది రాళ్ళ కింద సందులో దూరింది, మళ్ళీ బయటికి రాలేదు. మా ఆయన కొత్తదాన్ని వెనక్కిచ్చేద్దామన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. కుమ్మేదాన్ని ఇంట్లో పెట్టుకుని దెబ్బలు తిన్నదాన్ని పంపించడం ఎక్కడి న్యాయం అన్నారు. ఒక పూటంతా రాళ్ళు ఒక్కొక్కటీ తీసి డామ్సెల్‌ని వలేసి పట్టుకుని, దాన్నే కాకినాడ పంపించాం. అయినా ఫైర్ ఫిష్ బయటికొచ్చి తినలేదు. తర్వాత తింది లెండి, ఇప్పుడు మేత కోసం అందరికంటే ముందు అదే వస్తుంది. కానీ ఆ రోజుల్లో మాకా సంగతి తెలియదు కదా.

అలాంటి ఓ సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"ఇవాళ కూడా అది ఏమీ తినలేదే. కొత్తచోటు కదా, బెంగెట్టేసుకుంది. ఏదోటి చెయ్యి తల్లీ, చచ్చిపోద్ది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"నువ్వు తిన్నావా? దాని బెంగ నీకు కనపడుతోంది, నా బెంగ కనపడదా? నేను గొడ్రాలినని ఇంకెన్నాళ్ళు పస్తులుండి చెబుతావు?"

అంత మాట అంటానని నేనూ అనుకోలేదు. అమ్మ మొహం పాలిపోయింది. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కింద చతికిలబడింది.

"అది కాదే పిచ్చిదానా," అంది. "నేను కూర్చుని తినేశాననుకో, ఇంక నీకు పుట్టరని నేను కూడా ఒప్పేసుకున్నట్టే కదా. అందరూ ఒప్పేసుకున్నారు. నేనెలా ఒప్పుకుంటాను?"

ఇన్నేళ్ళూ ఆ కేరేజీ చూసి నేను కుళ్ళికుళ్ళి ఏడ్చింది దీనికా! నా కడుపు మీద నేను కూడా వదిలేసుకున్న ఆశ, నాకు నలభై దాటినా, అమ్మ అలా పస్తులుండి కాపాడుకుంటూ వస్తోంది. ఇంక తినమని ఏ నోటితో అడగను?

అప్పుడు వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. చేతిలో కంచం ఉంది. వేడి అన్నం, మామిడికాయ పప్పు. అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"వదినగారూ, ఇది మీ అమ్మాయి ఇల్లని మీకెవరు చెప్పేరండీ? ఇది నా ఇల్లు. నేనింకా పోలేదు కదా. మీరు కూతురింటికి రాలేదు, వదినింటికి వచ్చేరు. మీ నియమం మీ దగ్గరే ఉంచుకోండి, నేను కాదన్నానా? వదినింట్లో తినకూడదని ఎక్కడుందో మాత్రం చెప్పండి. మా మావగారి గ్రంథాలన్నీ అటక మీదే ఉన్నాయి, దింపించి చూద్దాం. ఇదెవరిల్లు?"

అమ్మ ఆవిడ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఆయ్. మీదేనండి," అంది.

కాపరానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ ఇల్లు నాది కాదని అత్తగారు నా మొహం మీద అనడం అదే మొదటిసారి. ఆవిడ కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. కంచం అందుకోబోయాను. నువ్వు కలిపితే కూతురి చేతి అన్నమైపోతుంది, పక్కకి తప్పుకోమన్నారు. తనే నెయ్యి వేసి కలిపి, ముద్ద చేసి అమ్మ నోటి దాకా తీసుకెళ్ళారు. అమ్మ సిగ్గుపడింది. తర్వాత నోరు తెరిచింది.

ఆ ముద్ద నెమ్మదిగా నమిలి మింగి, పులుపు కొంచెం ఎక్కువైందండీ అంది. మా అత్తగారి వంటకి వంక పెట్టి బతికి బట్టకట్టినవాళ్ళు లేరు. ఆవిడ మారుమాట్లాడకుండా ఇంకో చెంచాడు నెయ్యి వేసి, మళ్ళీ కలిపారు.