కలల శెట్టి బోణీ

కర్నూలు పాత ఊళ్ళో మందుల అంగడి గోవిందయ్య శెట్టికి ఒక్కటే అలవాటు. వక్కాకు అలవాటు లేదు, పేకాట అలవాటు లేదు, ఆఖరికి కోపం అలవాటు కూడా లేదు. అంగడి మెట్టెక్కిన ప్రతి మనిషినీ "రాత్రి కలేమొచ్చింది?" అని అడగాలి, అంతే. తలనొప్పితో వచ్చినా, తల పగిలి వచ్చినా ముందు కల చెప్పాలి. మాత్ర ఆ తర్వాతే.

ఇది ఉత్త అలవాటుగా ఉండిపోతే భార్య నాగశ్రీ ఎలాగో సర్దుకునేది. మహానుభావుడు దాన్ని బోణీ దాకా తెచ్చాడు. శెట్ల ఇండ్లలో బోణీ అంటే మాటలా? పొద్దున మొదటి బేరం సాక్షాత్తూ లక్ష్మీదేవి. అప్పుడు అరువియ్యరు, వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపరు. అలాంటిది గోవిందయ్య అంగట్లో బోణీ రూపాయితో కాదు, కలతో. ఎవరో ఒకరు ఒక కల చెప్పేదాకా గల్లాపెట్టె తాళం తీయడు.

"మా నాయన ఉండింటే ఈ మాట ఇని గుండె ఆగి పోయుండేవాడు" అని నాగశ్రీ నెత్తి కొట్టుకునేది.

"ఎందుకు పోతాడే? నేను ఈడే ఉంటా గదా, మందియ్యనా?" అనేవాడు గోవిందయ్య.

అవసరంలో ఉన్నవాళ్ళ అవస్థ దేవుడికే తెలియాలి.

"అప్పా శెట్టీ, జరమొచ్చి సస్తాండా. బిరీన మాత్ర ఇయ్యప్పా!"

"ఇస్తాలేప్పా. రాత్రి కలేమొచ్చింది?"

"నిద్దరే లేదంటే కల యాడనుంచి వస్తాది?"

"జరంలో కలలు శానా బాగుంటాయి. నిమ్మళంగా గుర్తు తెచ్చుకో."

ఆ మనిషి బల్ల పట్టుకుని, కళ్ళు మూసుకుని, మాత్ర కోసం అప్పటికప్పుడు ఒక కల అల్లేవాడు. ఏనుగెక్కి కొండారెడ్డి బురుజు చుట్టూ తిరిగానని చెప్పేవాడు. గోవిందయ్య దాంతో వదిలితే కదా! ఏనుగు మీద ఎటు వాలి కూర్చున్నావు, దిగేటప్పుడు ఆయాసం వచ్చిందా, కళ్ళు తిరిగాయా అంటూ ఆరా తీసేవాడు. అబద్ధపు కలకు ఇన్ని ప్రశ్నలేమిటని నాగశ్రీకి ఒళ్ళు మండేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆ వీధిలో ఎవరైనా అన్నారంటే అది ఆమె మొగుడి గురించే.

ఎండలు ముదిరితే మాత్రం కర్నూలు కలలన్నీ నీళ్ళే. తుంగభద్రలో ఇసుక తప్ప మరేమీ కనపడని రోజుల్లో, ఆటో ఏసన్న కలలో ఏరు నిండుగా పారుతూ అంగడి మెట్ల దాకా వచ్చి ఆగేది. వెనక వీధి గిడ్డమ్మ రోజూ మహానంది కోనేట్లో దిగేదట. అడుగున పడిన సూది కూడా కనపడే ఆ నీళ్ళలో మునిగి, పైకి చూస్తే ఆకాశం కూడా తడిసి కనపడేదట. ఇంకొకాయన బనగానపల్లె తోటలో నిలబడి ఉంటే, మామిడిపండ్లు రాలకుండా దూదిపింజల్లా నెమ్మదిగా ఒక్కొక్కటే ఒళ్ళోకి దిగేవట. గోవిందయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవాడు. వింటూ వింటూ తానూ ఆ నీళ్ళలోకి దిగినట్టు కళ్ళు సగం మూసేవాడు. బయట వడగాలి వీధి దుమ్మంతా లేపుతున్నా, ఆ కాసేపు అంగట్లో చల్లగా ఉండేది. అలాంటప్పుడు చూస్తే నాగశ్రీకి కోపం వచ్చేది కాదు. కాసేపయ్యాక వచ్చేది.

వీధంతా ఆయన్ను కలల శెట్టి అనేది. నాగశ్రీ కూరగాయలకు పోతే "కలల శెట్టి పెండ్లాం వచ్చినాది" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. సరిగ్గా అప్పుడే, రెండువేల రెండులో, కడపలో ఒక ఫార్మసీ కాలేజీ వాళ్ళు కొత్త చదువు పెట్టారని తెలిసింది. ఉద్యోగం మానకుండా, అంగడి మూయకుండా చదివే డాక్టరేటు. రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం కడపకు పోయి పాఠాలు వినాలి. మిగతా రోజుల్లో ఎవరి అంగడే వాళ్ళకు ప్రయోగశాల. ఎంత నిదానంగానైనా చదవచ్చు, గడువు దాటితే మాత్రం అంతా గంగపాలు. నాగశ్రీ పట్టుపట్టి మొగుణ్ణి చేర్పించింది. మామూలు మనిషి చేస్తే పిచ్చి, డాక్టరు చేస్తే పరిశోధన. ఆ మాత్రం లోకజ్ఞానం ఆమెకుంది.

"ముసిలోనికి దసరా పండగ!" అని తోడికోడలు మూతి తిప్పింది.

"పండగ మా ఇంట్లో గదా, నీకేంటికి?" అంది నాగశ్రీ.

గోవిందయ్య కడప బస్సెక్కాడు. పక్క సీటువాడు ఆళ్ళగడ్డ దాకా కల చెప్పి, మైదుకూరులో సీటు మారేవాడు. కాలేజీలో ఆయనకు దారి చూపించే పంతులమ్మ హిమబిందు, వయసులో ఆయన కన్నా చాలా చిన్న.

"గోవిందయ్య గారూ, ఏం అంశం అనుకున్నారు?"

"కలలు మేడం."

"ఇది ఫార్మసీ డాక్టరేటండీ, పంచాంగం కాదు."

"మీకు రాత్రి కలేమొచ్చింది మేడం?"

హిమబిందు మేడం ఆ రోజు పాఠం చెప్పకుండానే ఇంటికి పోయింది. చివరికి ఆమే ఒక అంశం ఇచ్చింది: రక్తపోటు మాత్రలు మొదలుపెట్టిన వృద్ధులు వాటిని మధ్యలో ఎందుకు మానేస్తారు? గోవిందయ్య మారుమాట లేకుండా సరే అన్నాడు. మొగుడు అంత బుద్ధిగా సరే అన్నాడని తెలిసి నాగశ్రీకి అనుమానమే వచ్చింది.

ఆయన ఆ చదువును పాకంలా సాగదీశాడు. తోటివాళ్ళంతా డాక్టర్లయి, బోర్డులు రాయించుకుని, ఆ బోర్డుల రంగు కూడా వెలిసింది. రెండువేల ఎనిమిదిలో గడువు ఆఖరుకొచ్చాక అంతా రాసి కట్ట కట్టి ఇచ్చాడు. ఇక మిగిలింది ఒక్కటే గండం. బయటి నుంచి ఒక పరీక్షాధికారి వచ్చి, ఒక పూటంతా అంగట్లో కూర్చుని, మనిషి పని చూసి, ప్రశ్నలడిగి, ఔనో కాదో తేలుస్తాడు. కాదంటే ఇంకో అవకాశం లేదు. వచ్చేది శాంతయ్య సార్ అని కడప నుంచి కబురు. పేరుకే శాంతయ్య, ఆయన ముందు కూర్చున్నవాళ్ళకు చెమట ఆరదని అందరూ చెప్పారు.

నాగశ్రీ ముందురోజే మొగుణ్ణి దేవుడి గదిలో నిలబెట్టింది.

"రేపొక్కనాడు ఎవర్నీ కల అడగనని అమ్మవారి మీద ఒట్టెయ్యండి."

"మరి బోణీ ఎట్లనే?"

"దుడ్లతో! లోకమంతా చేస్తాండేది అట్లే గదా!"

గోవిందయ్య పాలు మానేయమన్న పిల్లిలా మొహం పెట్టి ఒట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే శాంతయ్య సార్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నవ్వడం ఖర్చుతో కూడిన పనైనట్టు మొహం. మొదటగా ఆటో ఏసన్న దగ్గుతూ వచ్చి, బల్లకు ఆనుకుని, ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"ఏం శెట్టీ, అడగవా?"

"ఏమడగల్ల?" అన్నాడు గోవిందయ్య నాగశ్రీ వంక చూస్తూ.

"అదేప్పా, దినామూ అడిగేది."

"దగ్గు ఎన్నాళ్ళనుంచి ఉండాది?"

"దగ్గు సంగతి ఎవరికి గావల్లప్పా! రాత్రి నేను ఇమానం..."

నాగశ్రీ ఒక్క దూకులో వచ్చి దగ్గుమందు సీసా వాడి చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని గల్లాపెట్టెలో వేసింది. ఆ అంగట్లో రూపాయితో బోణీ కావడం అదే మొదలు. ఏసన్న తన విమానాన్ని కడుపులోనే పెట్టుకుని, ఎవరైనా వింటారేమోనని మెట్ల మీద కూలబడ్డాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకుంది నాగశ్రీ.

గోవిందయ్య చూపు మాత్రం వీధి చివరే ఉంది. రోజూ బోణీ చేసేది విశ్వాసమ్మ. మిషన్ బడిలో వంట చేసి మానుకున్న ముసలమ్మ, పిల్లల్లేరు, మొగుడు పోయాడు, చర్చి వెనక రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆమె రక్తపోటు మాత్రలు గోవిందయ్య తన దగ్గరే పెట్టుకుని, రోజుకొకటి చొప్పున చేతికిస్తాడు. మొత్తం అట్ట ఒకేసారి ఇచ్చి పంపొచ్చు గదా, పాపం ముసలామెను రోజూ నడిపిస్తారెందుకని నాగశ్రీ ఎన్నోసార్లు పోట్లాడింది. "నడిస్తే మంచిదిలే" అని తప్పించుకునేవాడు. ఆ పొద్దు వీధిలోకి ఎండ వచ్చింది, విశ్వాసమ్మ రాలేదు.

శాంతయ్య సార్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "చెప్పండి. వృద్ధులు మందు మానేయడానికి మీరు తేల్చిన ముఖ్య కారణం ఏమిటి?"

గోవిందయ్య బల్ల మీద నుంచి వంగి వీధిలోకి తొంగి చూశాడు.

"గోవిందయ్య గారూ, మిమ్మల్నే!"

"ఇంకా రాలేదు సార్."

"కారణమా?"

"విశ్వాసమ్మ."

అన్నవాడు అన్నట్టే మాత్రల అట్ట ఒకటి జేబులో వేసుకుని, చెప్పులైనా వేసుకోకుండా బల్ల దూకి పరుగెత్తాడు. "నాగూ, సార్‌కు కాఫీ ఇయ్యి!" అన్న మాట మాత్రం వీధి మలుపు దగ్గర నుంచి వినిపించింది.

ఆరేళ్ళ చదువు, కడప బస్సులు, రాయించుకోవాలనుకున్న బోర్డు, అన్నీ ఆ ఉత్త కాళ్ళతో వీధి మలుపు తిరిగి పోయాయి. సార్‌కు ఏం చెప్పాలో తోచక నాగశ్రీ నోటికొచ్చింది చెప్పింది. "అర్జంటు కేసు సార్. శానా అర్జంటు."

శాంతయ్య సార్ లేచాడు. "పదండమ్మా. ఆయన పని చూడ్డానికే గదా నేనొచ్చింది, పని అక్కడుంటే ఇక్కడ కూర్చుని ఏం చేయను?"

ఏసన్న ఆటో అక్కడే ఉంది. ముగ్గురూ చర్చి వెనకకు చేరేసరికి రేకుల ఇంట్లో నుంచి కేకలు వినపడుతున్నాయి. నాగశ్రీ పరుగున లోపలికి పోయింది. మంచం మీద విశ్వాసమ్మ దుప్పటి మెడ దాకా కప్పుకుని, లేచి కూర్చుని, గోవిందయ్యను తిడుతోంది.

"ఇప్పుడిప్పుడే కన్ను మూతపడతాండె, వచ్చి లేపితివి గదప్పా! నీకు బుద్ధుండాదా?"

"పొద్దెక్కినాక నిద్రేందమ్మా? ఎందుకు రాలేదు నువ్వు?"

"ఎట్ల రావల్ల? ఈపొద్దు నీకు పరీక్ష గదా, మంచి కల తెచ్చి బోణీ చేద్దామనుకుంటి. ఆ దిగులుకే రాత్రంతా నిద్ర పట్టకపాయె. కల లేకుండా ఉత్త చేతుల్తో శెట్టి అంగడి మెట్టెక్కల్లనా? అందుకే ఇప్పుడన్నా ఒకటి వస్తాదేమోనని పండుకోనుండా."

గోవిందయ్య నేల మీద కూలబడి, నవ్వలేక ఏడవలేక తల పట్టుకున్నాడు. తర్వాత ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూసి, జేబులోని మాత్ర ఇచ్చి, చెంబుతో నీళ్ళు తాగించాడు. ఆమె గుటక వేసేదాకా కళ్ళు తిప్పలేదు.

గుమ్మంలో నిలబడ్డ శాంతయ్య సార్ మెల్లగా అడిగాడు. "ఇందాకటి ప్రశ్న అలాగే ఉంది గోవిందయ్య గారూ."

"చెప్తా సార్. మరిచిపోయి మానేవాళ్ళు కొంతమందే. వేసుకున్నావా అని అడిగే మనిషి లేక మానేవాళ్ళే శానామంది. పోనీ మనం అడిగితే నిజం చెప్తారా? మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నా అంటారు. బాగుండావా అంటే బాగుండా అంటారు. కల అడిగితే మాత్రం నిలబడి, తీరిగ్గా చెప్తారు సార్. చెప్తాంటే నేను చూస్తాంటా. మాట తడబడతాందా, ఊపిరి ఎగదన్నుతాందా, కాళ్ళు వాచినాయా, అంతా కనపడతాది. ఎవరన్నా రాకపోతే పోయి చూసొస్తా. ఒంటరోళ్ళు సార్, లేచినారో లేదో ఎవరో ఒకరికి తెలియల్ల గదా."

ఇన్నేళ్ళూ తను నెత్తి కొట్టుకున్నది దీనికా అనుకుంది నాగశ్రీ. సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ గర్వమేసింది.

విశ్వాసమ్మ మాత్రం సార్‌ను ఎగాదిగా చూసింది. "పరీక్ష పెట్టే సారువు నువ్వేనా నాయనా? నిలబడినావే, కూర్చో. నీకు రాత్రి కలేమొచ్చింది?"

నాగశ్రీ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒట్టు వేయించుకోవలసింది ముసలామెతో కూడానని అప్పుడు తెలిసింది.

శాంతయ్య సార్ మంచం కోడు మీద చెయ్యి పెట్టి, కళ్ళద్దాలు తీశాడు. "నాకెప్పుడూ ఒకటే కలమ్మా. పరీక్షకు పోతుంటాను. హాలు దొరకదు. దొరికితే హాల్ టికెట్ ఉండదు. అదీ ఉంటే పెన్ను రాయదు. ఎవరికైనా పరీక్ష పెట్టడానికి పోయే ముందు రాత్రి తప్పకుండా వస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే."

"అయ్యో! ఇన్నేండ్లు ఎవరికీ చెప్పుకోలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా."

విశ్వాసమ్మ ఆయన్ను తల వంచమని, నెత్తిన చెయ్యి పెట్టి, ఈ బిడ్డను పాస్ చేయి ప్రభువా అని గట్టిగా ప్రార్థన చేసింది. ఏసన్న వాకిట్లో నుంచి "ఆమెన్" అన్నాడు. తల ఎత్తేసరికి శాంతయ్య సార్ మొహాన నవ్వు ఉంది, కొత్తది కావడం వల్ల కొంచెం వంకరగా ఉంది.

"నాగూ," అన్నాడు గోవిందయ్య నెమ్మదిగా, "ఈపొద్దు అసలు బోణీ ఇదేనే. నేనడగలేదు, ఒట్టు నిలబడినట్టే."

డాక్టరేటు వచ్చినట్టు కడప నుంచి కబురందిన పొద్దున, నాగశ్రీ ముగ్గు చెయ్యి కడుక్కుని వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఊర్లో వాళ్ళందర్నీ అడిగినారు. బస్సుల్లో వాళ్ళను అడిగినారు. పెండ్లయినప్పటి నుంచి నన్నొక్కసారి అడిగినారా, రాత్రి కలేమొచ్చిందని?"

గోవిందయ్య ఆశ్చర్యపోయాడు. "నిన్నేంటికి అడగల్లనే? వాకిట్లో నువ్వు నీళ్ళు చల్లే సప్పుడు ఇనే గదా నేను కన్ను తెరిచేది! నువ్వు లేచినట్టు నాకు దినామూ తెలుస్తాది."

నాగశ్రీ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయినా సరే, అడగండి" అంది.

ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడిగాడు. ఆమెకు చెప్పాల్సినవి చాలా ఏళ్ళవి ఉన్నాయి. ఆ రోజు డాక్టర్ గోవిందయ్య అంగడి తెరిచేసరికి పది దాటింది.