పసుపు జెండా

రిటైర్డ్ రైల్వే గార్డు పైడిరాజు భార్య మంగాయమ్మ ఎండుచేపలు వేయించాలంటే ముందు వంటింటి కిటికీ మూస్తుంది. పన్నెండేళ్ల అలవాటు. పొగకి కళ్లు మండితే కొంగుతో ఒత్తుకుంటుందే గాని గొళ్లెం తీయదు. వాళ్లుండే కుదుదండ్ పేటలో, పక్కింటికి దిగిన రోజునే బ్యాంకు మేనేజరు భార్య, శాకాహారి శాంతాదేవి ముక్కు మూసుకుని, గోడ మీంచి, "కిటికీ మూసుకోండమ్మా, కడుపులో తిప్పుతోంది" అంది. ఆ రోజు మంగాయమ్మ ఇంటినిండా ఉన్న చుట్టాలంతా విన్నారు. ఆ మాట మంగాయమ్మ మింగలేదు, కక్కలేదు.

ఆ శాంతాదేవే మొన్న గడప తొక్కింది. థాయ్‌లాండ్ పాత రాజధాని అయుత్థయ చూడబోతున్నారట. నిరుడు మీరు వెళ్లొచ్చారు కదా, ఎక్కడ తినాలో చెప్పమంది.

"అయ్యో, సెప్పకేటమ్మా!" అని మంగాయమ్మ కుర్చీ వేసి, టీ ఇచ్చింది. "నదొడ్డున పడవల రేవు పక్క బజారుకే ఎల్లండి. అలాటి తిండి మరెక్కడా దొరకదు." చేపా మాంసమూ తగలని కొట్లకి అక్కడ పసుపు జెండా కడతారన్న ఒక్క ముక్క మాత్రం కడుపులోనే దాచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. అయుత్థయ బజారులోంచి శాంతాదేవి.

"ఎటు చూసినా రొయ్యలు కాలుస్తున్నారండీ! ఒకపక్క ఆకలి, ఒకపక్క ఈ వాసన. ఏం చెయ్యమంటారు?"

మంగాయమ్మ పెనం మీద చేపముక్క తిరగేసింది. పన్నెండేళ్ల గొళ్లెం తీసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"అచ్ఛా," అంది తీరిగ్గా. "కిటికీ మూసుకోండమ్మా."