సముద్రానికి గేటు ఎవడు లేపిండు

మా ఆయనకు నీళ్లు కనబడితే చాలు, చెయ్యి ఊరుకోదు. నేరేడుచర్లలో మాకు ఎరువుల దుకాణం ఉంది. ఆదివారం దాన్ని మూసి, గాలం కర్ర భుజాన వేసుకుని సాగర్ ఎడమ కాలువ గట్టెక్కాడంటే మళ్లీ పొద్దుగూకాకే ఇంటికి రావడం. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఈ ఇరవై రెండేళ్లలో ఇద్దరం కలిసి ఎక్కడికి బయలుదేరినా అది చివరికి చేపల వేటే అయింది. సాగర్ చూద్దామని వెళ్తే నేను ఒక్కదాన్నే లాంచీ ఎక్కి వచ్చాను, ఆయన ఒడ్డున కూర్చున్నాడు. పాలకీడులో చుట్టాల పెళ్లికి వెళ్తే తలంబ్రాల వేళకు ఊరి చెరువు దగ్గర దొరికాడు.

నాకు నలభై మూడేళ్లొచ్చినా సముద్రం చూడలేదు. మొన్న మా పెళ్లిరోజు ఆదివారం పడింది. అందుకే ముందే గట్టిగా చెప్పేశాను. బెజవాడ మీదుగా సముద్రానికి పోదాం, ఆ రోజంతా నాది, గాలం ముట్టొద్దు, ముట్టావంటే ఈ జన్మలో నీతో ఎక్కడికీ రాను, ఒట్టు అన్నాను. ఆయన వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తెల్లవారుజామునే కారులో బయలుదేరాం. కోదాడలో ఆగి వేడివేడి ఇడ్లీ తిన్నాం. బెజవాడలో కొండెక్కి అమ్మవారికి మొక్కాం. బ్యారేజీ మీద దిగిన ఫోటోలన్నిటిలో నేను ఫోన్ వైపు చూస్తున్నాను, ఆయన నీళ్ల వైపు చూస్తున్నాడు. ఇందులో బొచ్చె చేపలు ఎంతెంత ఉంటాయో అని గొణుగుతుంటే వినీ విననట్టు ఊరుకున్నాను. పండగ పూట గొడవెందుకని.

ఒంటిగంటకు బాపట్ల దాటి సూర్యలంక చేరాం. సరుగుడు చెట్ల కింద కారు ఆపి నాలుగడుగులు వేశామో లేదో, సముద్రం. అవతలి ఒడ్డు లేదు. మా కాలువకు ఎటు చూసినా అవతలి ఒడ్డుంటుంది, అటు వరి ఉంటుంది, వరిలో ఎవరో ఒకరుంటారు. ఇక్కడ ఏమీ లేదు, ఒట్టి నీళ్లు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయనతో ఆ మాట చెబుదామని తిరిగితే పక్కన లేడు.

కారు దగ్గర డిక్కీ తెరిచి ఉంది. పసిపిల్లను చుట్టినట్టు దుప్పట్లో చుట్టిన గాలం కర్రను విప్పుతున్నాడు. పక్కన డబ్బాలో తవుడు ముద్దలు. ఇంకో డబ్బాలో తడిమట్టి, వానపాములు. వాటిని ఆనుకుని నా పులిహోర గిన్నె.

ఏందిది అని అడిగాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, దుప్పటి కింద పరుచుకోవడానికి తెచ్చానన్నాడు. నేను చూపు తిప్పకపోయేసరికి దిగొచ్చాడు.

"సముద్రంల చేప ఎట్ల గుంజుతదో ఒక్కసారి సూస్త. ఒక్క గంటే."

"పో, సూస్కో. ఇదే ఆఖరు. ఇగ నీతోటి యాడికీ రాను."

కోపంలో అన్న మాట కాదది. నిజంగానే అనుకున్నాను. గిన్నె తీసుకెళ్లి చెట్టు కింద కూర్చుని ఆయన వాటా పులిహోర కూడా నేనే తినేశాను.

ఆయన మాత్రం అచ్చం కాలువ గట్టు మీద ఉన్నట్టే సర్దుకున్నాడు. చెప్పులు, సంచి, డబ్బాలు అల వచ్చి ఆగేచోటికి జానెడు దూరంలో వరసగా పెట్టాడు. తవుడు ముద్ద మొదటి అలకే కరిగిపోయింది. వానపామును ఏదో కొరుక్కుపోయింది. గంట గడిచింది, ఒక్క చేపా లేదు. చివరికి కర్రను ఇసుకలో గుచ్చి మొక్కజొన్న కంకులమ్మే బండి వైపు నడిచాడు. నన్ను మంచి చేసుకోవడానికని తెలుస్తూనే ఉంది.

మా దగ్గర కాలువలో నీళ్లు వాటంతట అవి పెరగవు. కాలువ కాపలా చూసే లస్కరు గేటు లేపితేనే పెరుగుతాయి, అది కూడా ఊరంతటికీ ముందే తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్లే చూసిన మనిషి కంకులు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి చెప్పులు తేలుతున్నాయి, డబ్బాలు బోర్లా పడ్డాయి.

"ఎవడు లేపిండు గేటు?" అని అరిచాడు.

అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "గేటేంటండీ, పోటొస్తోంది. సామాను పైకి లాక్కోండి."

నేనూ నవ్వాను, కోపం మరిచి. అంతలో కర్ర ఒరిగి నీళ్లలో పడింది. అల దాన్ని లోపలికి లాగింది. అది మా పెళ్లికి ముందు ఆయన వెదురు కోసి, సెగ చూపించి, స్వయంగా చేసుకున్న కర్ర. ఇన్నేళ్లు దాన్ని సవతిలా తిట్టుకున్న నేను ఎందుకు పరిగెత్తానో నాకిప్పటికీ తెలియదు. మోకాళ్ల లోతులో దాని కొస అందింది. అంతే, ఇంకో అల వచ్చి కొట్టింది, కాళ్ల కింద ఇసుక జారిపోయింది, ఉప్పునీళ్లు ముక్కులోకీ నోట్లోకీ పోయాయి. చేతిలోంచి కర్ర జారిపోయింది.

ఆయన కంకులు పారేసి దూకాడు. కర్ర ఆయన చేతికందేంత దగ్గరగా పోతోంది, నేను చూశాను. ఆయన దాని వైపు కూడా చూడలేదు, నా చెయ్యి పట్టుకున్నాడు. కర్ర, కర్ర అని నేనే దగ్గుతూ చూపించాను.

"పోనీయ్ దాన్ని. కర్ర కోసం పాణం తీస్కుంటవా?" అన్నాడు.

ఒడ్డున ఆదివారం జనం. ఇరవై రెండేళ్లలో నలుగురి ముందు నా చెయ్యి పట్టుకోని మనిషి, ఒడ్డుకు వచ్చాక కూడా వదల్లేదు. చెట్ల వైపు మెల్లగా నడుస్తున్నాం. కొంతదూరం పోయాక, నా మొహం చూడకుండానే అడిగాడు.

"ఇగ నాతోటి యాడికీ రావా?"

"ఆగు జర. ఇంకా కాళ్లు వణుకుతున్నయ్" అన్నాను.

వణుకు ఎప్పుడో తగ్గింది. ఆ మాట చెబితే చెయ్యి వదిలేస్తాడని చెప్పలేదు.