ఎడమ అని రాసి ఉంది

తిరువూరులో ఇంట్లో కూర్చుని, అమెరికాలో ఎవరెవరికో విరిగిన భుజాలకు ఇన్సూరెన్సు బిల్లుల కోసం కోడ్లు వెయ్యడం నా ఉద్యోగం. కుడి భుజానికి ఒక కోడు, ఎడమ భుజానికి ఇంకోటి, చెట్టు మీంచి పడితే దానికీ ఒకటి. డాక్టరు రాసిందే నిజం, రాయనిది జరగనట్టే. మా పనిలో మొదటి రూలు అది.

మొన్న వేసవిలో మా పెదనాన్న విస్సన్నపేట తోటలో మామిడిచెట్టు మీంచి పడ్డాడు. కుడిచేతిని కండువాతో మెడకు కట్టుకుని ఆటోలో మా ఇంటికి వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆసుపత్రి రద్దీలో డాక్టరుగారు ఎడమ భుజానికి ఎక్స్‌రే అని చీటీ రాసేశారు. పెదనాన్న లోపలికెళ్లి బుద్ధిగా ఎడమ భుజమే పెట్టాడు.

"నొప్పి కుడివైపు కదా పెదనాన్నా?" అన్నాను, బయటికొచ్చాక చీటీ చూసి.

"సారు ఎడమ అని రాశారమ్మా. ఆయనకు తెలియదా?"

ఎముక నిక్షేపంగా ఉందన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. పెదనాన్న మైసూర్‌పాక్ తెప్పించి పంచాడు.

"ఎడమచేత్తో ఇస్తున్నానని ఏమీ అనుకోకండి. కుడిది లేవట్లేదు," అన్నాడు అందరితో.

నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం మీద రాసిందల్లా నిజమైపోతుందా అని అందరిమీదా అరిచాను. మర్నాడు దగ్గరుండి కుడి అని రాయించాను. కుడి భుజం విరిగి ఉంది.

ఆ సాయంత్రం పనికి కూర్చున్నాను. మొదటి కాగితంలో పేషెంటు కుడిచెయ్యి ఎత్తలేకపోతున్నాడని ఉంది. కింద డాక్టరు మాత్రం ఎడమ భుజం విరిగిందని రాశాడు.

ఇంకోసారి చదివి, ఎడమ భుజం కోడే వేశాను.