మొగిలయ్య బాగుచేసిన జంపఖానా

కొత్తవాడ మొగిలయ్య నేసిన జంపఖానా మీద ఒక్కసారైనా కూర్చోని మనిషి ఆ రోజుల్లో ఓరుగల్లులో తక్కువ. పెళ్ళి పందిట్లో, కోమట్ల కొట్లలో, చర్చిలో, నలుగురు చేరే ప్రతి చోటా అతని నేతే పరిచి ఉండేది. అలాంటివాడికి యుద్ధం వచ్చి పీకల మీదికి తెచ్చింది. నూలు కంట్రోలులోకి పోయింది. చీటీ ఉంటేనే నూలు, సర్కారు పని ఉంటేనే చీటీ. అతని కొట్టంలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేసేవాళ్ళు మిల్లుకు పోతామంటున్నారు. అలా పోయినవాడు తిరిగొచ్చి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టడని మొగిలయ్యకు బాగా తెలుసు.

అప్పుడే సర్కారు కచేరీలకు జంపఖానాలు కావాలని టెండరు పడింది. ఉర్దూలో ఉన్న ఆ నోటీసును మిషన్ బడి పంతులు సుందర్ రావు చదివి చెప్పాడు.

"కొత్త నమూనా అందరిస్తరు మొగిలన్నా. ఈసారి నువ్వు నేసింది ఏండ్లకేండ్లు వాడినంక ఎట్లున్నదో సబూతు అడుగుతాన్రు. పాతది పట్కపోవాలె. వాడినోళ్ళు రాసిచ్చిన కాయితం గూడ ఉండాలె."

"పాతదా? పాతది సూసి పనెవడిస్తడు సార్?"

"ఎంత పాతదైతే అంత మంచిది. నా మాటిను."

మొగిలయ్యకు తల తిరిగింది. బుద్ధెరిగినప్పటి నుంచి కొత్తది చూపించి పని అడిగినవాడే గాని పాతది చూపించి అడిగిన పాపాన పోలేదు. అయినా సర్కారు అడిగిందంటే ఏదో కారణం ఉండే ఉంటుందని బయల్దేరాడు.

ముందు వర్ధన్నపేటలో రాజేశ్వర్ రావు దొర ఇంటికి వెళ్ళాడు. వాళ్ళు పెట్టె తెరిచి, వేపాకుల మధ్య నుంచి జంపఖానా తీశారు. బిడ్డ పెళ్ళినాడు పరిచి, మళ్ళీ తీయలేదట. మొగిలయ్య మొదట మురిసిపోయాడు, తర్వాత దిగులుపడ్డాడు. అది నిన్న మగ్గం దిగినట్టుంది. దీన్ని పాతదంటే నమ్మేదెవరు?

హనుమకొండ బజారులో సాంబయ్య సేటు దగ్గర సగం జంపఖానాయే దొరికింది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు మధ్యకు కోసి చెరొకటి తీసుకున్నారు. ఆ సగమూ మిరపకాయల బస్తాల కింద ఎలుకల పాలైంది.

"నీ జంపఖానా గట్టిదే మొగిలీ, మా ఎలుకలు ఇంకా గట్టియి," అని సేటు నవ్వాడు.

మొగిలయ్యకు నవ్వు రాలేదు. బాగా దాచుకున్నవాళ్ళది పాతదిగా కనిపించదు. బాగా వాడుకున్నవాళ్ళది మంచిదిగా కనిపించదు. మరి సర్కారుకు ఏది చూపించాలి? దారి పొడుగునా తనతో తానే వాదించుకుంటూ ఇల్లు చేరాడు.

సంగతి విని సుందర్ రావు అతన్ని తమ చర్చికి తీసుకువెళ్ళాడు. అక్కడ పరిచిన జంపఖానా మీద సంఘమంతా పన్నెండేళ్ళుగా ఆదివారం ఆదివారం కూర్చుంటోంది. ఎరుపు వెలిసింది. కుచ్చులు విడిపోయాయి. ఒక మూల దీపం పడి అరచేయంత కాలింది. అయినా నడుమ ఒక్క పోగు జారలేదు. సుందర్ రావు ఉన్నది ఉన్నట్టు, కాలిన మూలతో సహా, కాయితం రాసి ముందుగానే సర్కారు దఫ్తరులో ఇచ్చి వచ్చాడు. జంపఖానాను మొగిలయ్య తీసుకెళ్ళాలి.

చర్చి ఊడ్చే ముసలి ఎస్తేరు దాన్ని చుట్టి అతని భుజానికెత్తింది.

"జర పైలం బిడ్డా. ఆ మూల ఖరాబు చేయకు."

"నేను సూసుకుంట అవ్వా," అన్నాడు మొగిలయ్య.

ఇంటికొచ్చి వాకిట్లో పరిచి చూస్తే ప్రాణం చివుక్కుమంది. విడిన అంచుతో, తెగిన కుచ్చుతో ఏ నేతా గడప దాటకూడదని తండ్రి నాటి నుంచి ఆ ఇంటి కట్టుబాటు. మొగిలయ్య చెప్పకముందే భార్య కొమురమ్మ కుచ్చులు ముడివేయడం మొదలుపెట్టింది.

"సర్కారు కండ్లల్ల పడేది. మన ఇజ్జత్ గద?" అంది.

ఉతికారు. ఎరుపెక్కించారు. మొగిలయ్య కాలిన మూల ముందు కూర్చుని, నల్లబడ్డ పోగులు కత్తిరించేసి, దాచుకున్న చివరి నూలుతో రఫ్ఫు చేశాడు. జన్మలో అంత మంచి రఫ్ఫు చేయలేదు. ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదా అని మనకు ఒళ్ళు మండుతుంది. తట్టలేదు. చేతులకు తెలిసిన పని ముందు సర్కారు నోటీసు ఎవరికి గుర్తుంటుంది?

దఫ్తరులో పెద్ద అధికారి కాయితం చేత్తో పట్టుకుని జంపఖానా నాలుగు మూలలూ తిప్పి చూశాడు. ఉర్దూలో ఏదో అన్నాడు. పక్కనున్న సుందర్ రావు ముఖం మాడిపోయింది.

"ఏమంటాండు సార్?"

"కాయితంల కాలిన మూలుంది, దీనికి లేదంటాండు. కొత్తది తెచ్చి పాతదని అబద్ధమాడినమంటాండు."

"గదే ఇది సార్! నేనే బాగుచేసిన!"

"ఎందుకు చేసినవే మొగిలన్నా?"

మొగిలయ్య రఫ్ఫు చూపిద్దామని మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో తడిమాడు. ఒక మూల తడిమాడు, ఇంకో మూల తడిమాడు. తను చేసినది తనకే దొరకలేదు. సర్కారు పని ఇంకొకరికి పోయింది.

ఆదివారం జంపఖానా తెచ్చి చర్చిలో ఎప్పటిలాగే పరిచాడు. కొత్తదానిలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఎస్తేరు మాత్రం కిటికీ దగ్గరి మూలన నిలబడి జంపఖానా మీద దేనికోసమో వెతికింది.

"నా లిదియా కాల్చిన జాగ ఏది బిడ్డా?"

మొగిలయ్యకు అర్థం కాలేదు. సుందర్ రావు మెల్లగా చెప్పాడు. లిదియా ఎస్తేరు మనవరాలు. ఒక క్రిస్మస్ నాడు దీపం తెస్తూ జారవిడిచింది. అందరూ ఆ పిల్లను తిట్టారు. ఆ తర్వాతి వేసవిలో గత్తర తగిలి, వాంతులూ విరేచనాలతో పిల్ల చనిపోయింది. అప్పటి నుంచి ప్రార్థన ఉన్నంతసేపూ ఎస్తేరు ఆ మచ్చ మీద చేయి వేసుకుని కూర్చుంటుంది.

టెండరు పోయినప్పుడు రాని ఏడుపు మొగిలయ్యకు ఇప్పుడు వచ్చింది.

"నువ్వెప్పుడూ కూసునే కాడ కూసో అవ్వా," అన్నాడు.

ఆమె కూర్చుంది. అలవాటు కొద్దీ చేయి పక్కకు వాలింది. మొగిలయ్య ఆ చేతిని కొంచెం జరిపి చూస్తే, దఫ్తరులో ఎంత వెతికినా దొరకని రఫ్ఫు సరిగ్గా దాని కిందే ఉంది. ఒక్కొక్క పోగే లాగాడు. చిల్లు బయటపడింది.

ఎస్తేరు అందులో వేళ్ళు పెట్టి చూసింది.

"నల్లగ లేదు," అంది. అరచేయి దాని మీద వేసి, "అయినా గీడనే," అంది.

మొగిలయ్య లాగేసిన పోగులు అంగీ జేబులో వేసుకున్నాడు. చిల్లును అలాగే వదిలేసి చర్చి గడప దాటాడు.