తిన్నాక రెండు గంటలకు

మధ్యాహ్నం రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు నా వేలి మీది రక్తపు చుక్కను షుగర్ మిషన్ పట్టీకి ఆనించాను. నూట అరవై ఎనిమిది చూపించింది. తిన్నాక రెండు గంటలకు నూట ఇరవై దాటకూడదని కరీంనగర్‌లో డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ వచ్చేనాటికి తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదామంది.

సూది అంటే నాకు భయం లేదు. అంతకు ముందు కాన్పులో ఎనిమిదో నెలలో బిడ్డ కదలడం మానేసింది. అప్పుడు నాకు షుగర్ ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. ఈసారి తెలుసు. తెలిసి కూడా అంకె దిగకపోతే ఈ బిడ్డా అట్లాగే పోతుందేమోనన్నదే భయం.

నా భర్త మస్కట్‌లో ఉండేవాడు. పెద్దపల్లి దగ్గరి ఊళ్లో నేనూ మా అత్తమ్మా ఉండేవాళ్లం. డాక్టరమ్మ అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమంటే నేను అన్నం పూర్తిగానే మానేశాను. మా పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు, రొట్టె నాకు కొత్త కాదు. అత్తమ్మకే అది తలవంపులుగా ఉండేది.

"వడ్లు పండే ఇంట్ల కోడలు అన్నం తింటలేదంటే నన్నేమంటరు బిడ్డా? ముసల్ది కడుపు మాడుస్తుందంటరు."

"ఎవరూ అనరత్తమ్మా."

"నీకేమెర్క. నువ్వు బుక్కులు చదువుకుంట ఇంట్ల కూసుంటవ్. బోరింగుకాడికి పోయేది నేను."

అన్నం లేదు, తీపి లేదు. అయినా అంకె దిగడం లేదు. ఆమె ఏదో కలుపుతున్నదని నాకు అనుమానం. నా చాయ్ నేనే పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆమె పెరట్లో ఉన్నప్పుడు చింతపులుసు మూత తీసి, బెల్లం పడిందేమోనని నాలుక మీద వేసుకుని చూశాను. ఒకరోజు వంటింట్లో డబ్బాలు తెరుస్తుంటే వెనక నిలబడింది.

"ఏం దేవులాడుతున్నవ్?"

"ఏం లేదత్తమ్మా."

"ఏం లేనిదానికి మూతలెందుకు తీసుడు?"

ఆమె అనుమానం మిషన్ మీద. ఒక మధ్యాహ్నం తన వేలు నా ముందు పెట్టింది.

"ముందు నాకు పొడువు. రోజు బెల్లం నమిలేదాన్ని, నాకెంతుంటదో చూద్దాం."

నూట నాలుగు వచ్చింది.

"చూసినవా. బెల్లం తినేటోళ్లకు లేదట, రొట్టె తినేటోళ్లకున్నదట. గిసొంటి మిషిన్‌ను నమ్ముకొని ఎండిపోతున్నవ్."

ఆమె మాటే నిజమైతే బాగుండునని నాకు అనిపించింది.

ఆదివారం నా భర్త ఫోన్ చేశాడు. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. లోపల ఆమె కొడుకుతో మాట్లాడుతున్నది.

"నీ పెండ్లాన్ని నేనేం పస్తులు పెడ్తలేను కొడుకా. మెతుకు ముట్టకపోతేంది? దాని సారమంతా గంజిలనే ఉంటది. రోజు గిలాస నిండ తాగిపిస్తున్న."

రొట్టె తిన్న గంటకే నాకు ఆకలయ్యేది. ఆమె ఉప్పు వేసి నిమ్మకాయ పిండి గంజి ఇచ్చేది. అది నా ఎదురుగానే వార్చేది, నా చేతికే ఇచ్చేది. మా ఇండ్లల్లో గంజిని తిండి కింద జమ కట్టరు. ఏమేం తింటున్నావని డాక్టరమ్మ అడిగినప్పుడు నేను ఆ మాటే ఎత్తలేదు. నేను చదివిన పుస్తకాలలోనూ అది లేదు.

ఫోన్ పెట్టేశాక చెప్పాను.

"అత్తమ్మా, రేపటి నుంచి నాకు గంజి వద్దు."

ఆమె ముఖం మాడిపోయింది. "ఎందుకు? అండ్ల నేనేం కలిపిన్ననుకుంటున్నవ్?"

"ఏం కలపలేదు. అండ్ల ఉన్నదే అన్నం."

"గంజికి గూడ షుగరొస్తదా? సరే, బర్రెకు పోస్త. దాని వేలు గూడ పొడిచి చూడు."

మర్నాడు నూట ముప్పై ఒకటి. వారం తిరిగేసరికి నూట ఇరవై లోపలికి వచ్చింది. బ్యాటరీ దిగిపోయి తక్కువ చూపిస్తున్నదేమోనని అత్తమ్మ అన్నది. ఆ మాటకు నేను కూడా బ్యాటరీ మార్చి చూశాను. అంకె మారలేదు. ఇన్సులిన్ అవసరం రాలేదు.

కరీంనగర్ ఆస్పత్రిలో పాప పుట్టింది, ఏడ్చింది. కాసేపటికి నర్సు వచ్చి పాప మడమ పొడిచి షుగర్ చూసింది. నేను మంచం మీంచి లేవలేకపోయాను. అత్తమ్మ నర్సు భుజం మీంచి తొంగి చూసింది.

"ఎంతొచ్చింది సిస్టరమ్మా?"

"బాగానే ఉందవ్వా."

"బాగుంటే బాగుండె గని, ఎంతనో చెప్పు."

నర్సు చెప్పింది. ఆమె మళ్లీ అడిగి చెప్పించుకుని, నా దగ్గరకు వచ్చి ఆ అంకె చెప్పింది.

ఆ తర్వాత కూడా ఆమె తన అన్నం గంజి వార్చే వండుకున్నది, గంజి తనే తాగింది. నన్ను తాగమని ఎన్నడూ అనలేదు. ఆమె పోయి ఏడాది దాటింది. నేను కుక్కర్లో వండుతాను. మా ఇంట్లో ఇప్పుడు గంజి వార్చడం లేదు.