పత్తి మిల్లు పక్కన ఓడ తలుపు

జర నమ్ముండ్రి. నేను పొద్దున లేస్తే పది అబద్ధాలు చెప్తనని మా ఖానాపూర్ల అందరికీ ఎర్కే. ఏడో తరగతిల్నే బడికి దండం పెట్టినోన్ని, నా మాటకు ఇలువ లేదు. కని గిది మాత్రం నిజం. నా మీద ఒట్టు వేస్తే మీరు నవ్వుతరు. అందుకే నా కొత్త బండి మీద ఒట్టు. అంతకంటె పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

ఆదిలాబాద్‌ల ఓడ పని చేసిన అంటే గూడ నవ్వుతరు. మా అవ్వ నవ్వింది. "సముద్రం యాడిది బిడ్డా, బోరుల నీళ్ళకే దిక్కు లేదు" అన్నది.

ముచ్చట ఏందంటే... కిష్టన్న ఉస్తాద్ అని, వయసంత సముద్రం ఒడ్డున షిప్‌యార్డుల వెల్డింగ్ చేసి వచ్చినోడు. ఆదిలాబాద్‌ల పత్తి మిల్లు పక్కన షెడ్డు పెట్టిండు. మేం పది మందిమి పనోళ్ళం. నౌకాదళం ఓడలు కట్టేకాడ పని బోలెడు, చేతులు తక్కువ. మంచి వెల్డర్లంత దుబాయి, మస్కట్ పోతుండ్రు. అందుకే చిన్న పనులు బయటి షెడ్లకు ఇస్తరు. మాకు ఒక్క తలుపు ఇచ్చిండ్రు. నీళ్ళు చుక్క చొరకుండ మూసుకునే ఇనుప తలుపు. గిది పాసైతే ఆ ఓడ తలుపులన్ని మావే. ఫెయిలైతే షెడ్డుకు తాళమే. మాలో నలుగురు అప్పటికే పాస్‌పోర్టులు తీసి జేబుల పెట్టుకున్నరు. ఉస్తాద్‌కు అదే ఫికర్. "దేశం ఓడకు తలుపు చేసే చేతులురా ఇవి. పోయి అరబ్బోని గేటుకు వెల్డింగ్ పెడ్తరా?" అంటుండె.

ఇనుము మన దేశందే. దాని చుట్టూ అంటించే రబ్బరు పట్టీ మాత్రం బయటి దేశం నుంచి రావాలె. నెలల తరబడి చూస్తే ఒక్కటి వచ్చింది. ఆ సాయంత్రం అంటించినం. తలుపును దర్వాజల, అంటే ఇనుప చట్రంల బిగించి, వాకిట్ల నడుమ నిలబెట్టినం. వెనుక గోడ లేదు, గది లేదు. ఉత్త దర్వాజ. గమ్ము పట్టేదాక, అంటే తెల్లారేదాక, తెరువద్దు. పొద్దుగాల యార్డు నుంచి ఇంజినీరు సారు వస్తడు.

మూసేటప్పుడు ఉస్తాద్‌ది ఒక రివాజు. ఓడ అడుగున ట్యాంకులల్ల మనుషులు దూరి పని చేస్తరు. పిలిస్తే వినపడదు. అందుకే మూత పెట్టే ముందు సుత్తెతోని మూడు దెబ్బలు కొట్టి చెవి పెట్టాలె. లోపటికెల్లి జవాబు వస్తే... ఎవడు చెప్పినా మూయద్దు. మూసినంక వచ్చినా, తెరువాలె.

"మరి గీడ లోపలే లేదు గద ఉస్తాద్?" అన్న.

"కొట్టుర పోశెట్టీ. చెయ్యికి అలవాటు కావాలె."

కొట్టిన. కొట్టి ఊకుంటనా? "లోపట ఎవరన్నా ఉంటే బయటికి రాండ్రి, చాయ్ చల్లారుతుంది!" అని ఒర్లిన. అందరు పడి పడి నవ్విండ్రు. ఉస్తాద్ గూడ మీసంల నవ్విండు. ఆ నవ్వు... ఇప్పటికీ కండ్ల ముందట ఉన్నది.

రాత్రి కావలి నాది. నేను, మా షెడ్డు కుక్క, మంచం. ఎండకాలం. మిల్లు బంద్ ఉన్నది. గాలి లేదు. ఆకు కదలదు.

కన్ను అంటుకున్నదో లేదో...

టంగ్.

...టంగ్.

...టంగ్.

లేచి కూసున్న. ఇనుము కదా, పొద్దంత కాలింది, రాత్రి చల్లబడి సప్పుడు చేస్తది. అది ఎర్కే. పండుకున్న.

మళ్ళ మూడు. ఒక్క తీరుగ. నడుమ నడుమ ఆగుతూ.

ఫిరోజ్ గాడు, మా షెడ్డుల పనోడే, ఆట పట్టిస్తుండని అనుకున్న. "ఒరేయ్, వచ్చి తంతే పండ్లు రాల్తయ్!" అన్న. ఫోన్ లైట్ పట్టుకొని తలుపు వెనుకకు పోయిన. ఎవ్వడు లేడు. గప్పుడు... సప్పుడు ముందటి దిక్కుకెల్లి వచ్చింది. ముందటికి ఉరికిన. వెనుక దిక్కుకెల్లి వచ్చింది.

అరచేయి తలుపు మీద పెట్టిన.

రేకు అదిరింది. నా చేతి కింద. అవుతలికెల్లి ఎవరో కొట్టినట్టు... పక్కకు వంగి చూస్తే అవుతల ఉత్త వాకిలి, నా లైటు వెలుతురు.

ఉరికి పోదామనుకున్న. అటెన్క దెబ్బలు మెల్లగయినయ్. మూడు కొట్టే కాడ రెండు. చేయి గుంజుతున్నట్టు. ఊపిరి అందనోడు కొట్టినట్టు. ఒక్కటి... శానా సేపటికి ఇంకొక్కటి...

తెరిస్తే పట్టీ ఊడుతది. పది ఇండ్ల బువ్వ పోతది. గదంత తెలుసు. తెలిసే పిడి మీద చెయ్యేసిన. తెరిచిన.

ఏం లేదు. మిల్లు గోడ. గోడ మీద బల్బు. కుక్క లేచి నిలబడ్డది. మొరగలే. గేటు దిక్కు చూసుకుంట... తోక ఊపింది.

పొద్దుగాల ఉస్తాద్ వచ్చిండు. పట్టీ జిలేబి తీరుగ వేలాడుతుంది. చెప్పిన. అందరు నన్ను చంపుతరనుకున్న. ఉస్తాద్ ఒక్కటే అడిగిండు: "జవాబు వచ్చిందా?"

"వచ్చింది ఉస్తాద్."

ఇంజినీరు సారు రాంగనే ఉస్తాదే ఎదురుపోయి "తప్పు నాది సార్, తొందరపడి తెరిచిన" అన్నడు.

సారు నెత్తి గోక్కున్నడు. "కిష్టన్న గారూ, ఓడకి గేర్ బాక్సే ఇంకా బయటి దేశం నుంచి రాలేదు. ఓడ అలాగే నిలబడి ఉంది. అందుకని ఒక్క రోజు ఇస్తాను. నా దగ్గర ఉన్న ఇంకొక్క పట్టీ ఇదిగో. రేపు కూడా ఇలాగే ఉంటే పని వేరే వాళ్ళకి పోతుంది. నా చేతిలో లేదు."

సాయంత్రం మళ్ళ అంటించినం. మళ్ళ మూసినం. కావలికి ఎవ్వడు ముందటికి రాలే. "మీరు పోండ్రి, నేనుంట" అన్నడు ఉస్తాద్.

తెల్లారి అందరికంటె ముందు నేనే పోయిన. ఉస్తాద్ తలుపుకు ఎదురుంగ కుర్చీల కూసున్నడు. తలుపు మూసే ఉన్నది. "ఉస్తాద్" అన్న. పలుకలే. గట్టిగ పిలిచిన. పలుకలే. భుజం మీద చెయ్యేస్తే అదిరి లేచిండు.

రెండు చెవులల్ల పత్తి.

తీసి, చేతుల పెట్టుకొని జర సేపు చూసిండు. కండ్లు చింతనిప్పులు.

"రాత్రి ఏమన్న సప్పుడు...?"

"సారుకు చాయ్ తెప్పియ్" అన్నడు.

తలుపు పాసయింది. ఆర్డరు వచ్చింది. ఒక్కడు గూడ దుబాయి పోలే. నలుగురి పాస్‌పోర్టులు పెట్టెలల్లనే పాతబడ్డయి. గా రోజులల్ల షెడ్డుల ఎంత నవ్వు, ఎంత లొల్లి... ఇగ అసొంటి రోజులు రావు. ఉస్తాద్ గూడ అందరితోని బాగనే ఉండె. మీసంల నవ్వు మాత్రం మళ్ళ చూడలే.

అదేందో నాకు ఇప్పటికీ తెల్వదు. ఇనుము చల్లబడ్డదో, నా పిరికితనమో. ఇంకొకటి గూడ తెల్వదు. ఆయన బతికినంత కాలం అడుగుదామనుకున్న, నోరు రాలే... ఆ పత్తి, సప్పుడు రాకముందే పెట్టుకున్నడా? వచ్చినంక పెట్టుకున్నడా?